పేద దేశాల మానసిక వైద్యం: ముందు ఏ ప్రశ్నకు జవాబు కావాలి?

మన దేశంలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోంది. ఆస్పత్రిలో చేరి వైద్యం చేయించుకునేది 180 మందిలో ఒక్కరు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుల ఆధ్వర్యంలో 2018లో దేశమంతటా సర్వే చేసి, 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ బయటపెట్టిన లెక్క ఇది. మిగతా మానసిక జబ్బుల పరిస్థితీ ఇంతే. బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ పన్నెండులో లేవు.

ఇవి చూడగానే ఎవరికైనా తోచే మాట ఒకటే: సైకియాట్రిస్టులను పెంచాలి, ఆస్పత్రులు కట్టాలి. పెంచాల్సిందే, కట్టాల్సిందే. కానీ లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని చోట ఆ పని పూర్తయ్యేసరికి ఇప్పుడు బాధపడుతున్నవాళ్ల ఆయుష్షు గడిచిపోతుంది. ఆఫ్రికాలో చాలా దేశాల్లో పరిస్థితి ఇంతకంటే ఘోరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రభుత్వాలు ఆరోగ్యం మీద పెట్టే ప్రతి వంద రూపాయల్లో మానసిక ఆరోగ్యానికి దక్కేది సగటున రెండు. అందులో పరిశోధనకు మిగిలేది మరీ తక్కువ. ఆ కాస్త డబ్బుతో ముందు ఏం తెలుసుకోవాలి?

ఇది ప్రొఫెసర్లు తేల్చుకోవాల్సిన విషయంలా కనిపిస్తుంది. కానీ ఇవాళ దేని మీద పరిశోధన జరిగితే, పదేళ్ల తర్వాత పీహెచ్‌సీలో అదే కార్యక్రమంగా వస్తుంది. ఎవరూ అడగని సమస్య మీద రుజువు ఉండదు. రుజువు లేదు కాబట్టి బడ్జెట్ రాదు. కాబట్టి ఆ ప్రశ్నల జాబితా ఎలా తయారవుతుందో, అందులో ఏముందో, ఏం లేదో జబ్బు మనిషి ఇంట్లో ఉన్న ప్రతివాళ్లకూ తెలియాలి.

ప్రశ్నలకు మార్కులు

ఈ జాబితాలు చేయడానికి ఒక పద్ధతి ఉంది. మొదట పసిపిల్లల ఆరోగ్యం, పోషకాహారం మీద పరిశోధనల కోసం దాన్ని తయారుచేశారు, తర్వాత మిగతా రంగాలకు వాడారు. ముందుగా నిపుణులను పిలిచి, పరిశోధించదగ్గ ప్రశ్నలు రాయమంటారు. తర్వాత ఒక్కో ప్రశ్నకు మార్కులు వేయిస్తారు. దీనికి జవాబు దొరికే వీలుందా? దొరికితే వైద్యం మెరుగవుతుందా? దాన్ని ఊళ్లోకి తీసుకెళ్లగలమా? ఎంతమంది బాధ తగ్గుతుంది? పేదవాళ్లకూ అందుతుందా, ఉన్నవాళ్లకేనా? ఇవీ కొలతలు. మానసిక ఆరోగ్యం విషయంలో ఇలా 55 ప్రశ్నలకు మార్కులు వేసి 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించారు. పై వరుసలో నిలిచినవాటిలో ముఖ్యమైనది కొత్త మందుల పరిశోధన కాదు. ఇప్పటికే పనిచేస్తాయని తెలిసిన చికిత్సలను డబ్బులేని చోట ఎవరి ద్వారా, ఎక్కడ, ఎలా అందించాలి అన్నదే ముందుకొచ్చింది. పిల్లల్లో, కౌమారంలో వచ్చే మానసిక సమస్యలు ఎంత మేర ఉన్నాయన్నది కూడా పైనే ఉంది.

2011లో మరో పెద్ద ప్రయత్నం జరిగింది. 422 మంది నిపుణుల అభిప్రాయాలను పలు దఫాలుగా వడపోసి, ‘నేచర్’ పత్రికలో 25 సవాళ్లను ప్రకటించారు. అక్కడా పై ఐదింటి తీరు ఇదే: మామూలు పీహెచ్‌సీలోనే జబ్బును గుర్తించి చికిత్స మొదలుపెట్టడం, మందుల ధర తగ్గించి సరఫరా నిలబెట్టడం, పిల్లలకు శిక్షణ పొందినవాళ్ల వైద్యం అందేలా చూడడం, ఊరి దగ్గరే వైద్యం, పునరావాసం అందించడం, ఆరోగ్య సిబ్బంది అందరికీ మానసిక వైద్యంలో తర్ఫీదు ఇవ్వడం.

రెండు జాబితాలూ మంచివే. వాటిలో నాకు కనబడే లోటు మార్కులు వేసినవాళ్లలో ఉంది. అత్యధికులు పరిశోధకులు, వైద్యులు. ఇరవై ఏళ్లుగా స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉన్న కొడుకును సాకుతున్న తల్లి, భర్త తాగి వచ్చే వేళకు పిల్లలను పక్కింట్లో పడుకోబెట్టే భార్య ఆ గదుల్లో లేరు. ఈమధ్య రోగులను, కుటుంబాలను కూర్చోబెట్టడం మొదలైంది గానీ, అది ఇంకా అలవాటుగా మారలేదు. ఆ తల్లిని అడిగితే మొదట చెప్పేది, “నేను పోయాక వీణ్ణి ఎవరు చూస్తారు?” అని. ఈ ప్రశ్న మీద పేద దేశాల్లో జరిగిన పరిశోధన చాలా తక్కువ.

మెదక్ దాకా వచ్చిన పాత ప్రశ్న

మామూలు ఆరోగ్య సిబ్బందితో మానసిక వైద్యం చేయించవచ్చా అన్నది కొత్త ప్రశ్నేమీ కాదు. 1975 ప్రాంతంలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడు దేశాల్లో దాన్ని పరీక్షించింది. మన దేశంలో హర్యానాలోని రాయ్‌పూర్ రాణి ఆ ప్రయోగానికి వేదిక. అదే కాలంలో బెంగళూరు దగ్గర సకలవారలో నిమ్హాన్స్ వాళ్లు అలాంటి పనే చేశారు. తర్ఫీదు ఇస్తే పీహెచ్‌సీ డాక్టరు, ఆరోగ్య కార్యకర్త ఫిట్స్‌నూ తీవ్రమైన మానసిక జబ్బులనూ గుర్తించగలరని, మందులు ఇవ్వగలరని తేలింది. ఆ ధైర్యంతోనే 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. 1985 నుంచి బళ్లారి జిల్లాలో పూర్తి స్థాయిలో చేసి చూశారు. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంగా నాలుగు జిల్లాల్లో మొదలుపెట్టారు. ఆ నాలుగింట్లో మన మెదక్ ఒకటి.

అంటే దారి ఉందని యాభై ఏళ్ల కిందటే తెలుసు. మరి ఇప్పటికీ నూటికి 70 మందికి వైద్యం ఎందుకు అందడం లేదు? తర్వాత జరిగిన సమీక్షల్లో కనిపించిన కారణాలు కొత్తవేమీ కావు. ఖాళీ పోస్టులు, ఖర్చు కాకుండా వెనక్కి పోయిన నిధులు, మధ్యలో ఆగిపోయిన మందులు, తర్ఫీదు తీసుకోగానే బదిలీ అయిపోయిన డాక్టర్లు. బళ్లారిలో చేసింది ఉత్సాహమున్న బృందం. ఆ బృందం లేని జిల్లాలో అదే కార్యక్రమం కాగితం మీద మిగిలింది. కాబట్టి ‘పీహెచ్‌సీలో చేయవచ్చా’ అని ఇంకోసారి పరీక్షించడం నా దృష్టిలో డబ్బు దండగ. మూడో ఏడాది మందుల బీరువా ఎందుకు ఖాళీ అయింది, బదిలీ అయిన డాక్టరు స్థానంలో వచ్చినవాళ్లకు ఎవరైనా పని నేర్పారా, సమీక్ష సమావేశంలో కలెక్టరు ముందు మానసిక రోగుల లెక్క అసలు ప్రస్తావనకు వస్తుందా — వెతకాల్సింది ఇవి. ఇలాంటి పరిశోధనకు పెద్ద పత్రికల్లో చోటు దొరకడం కష్టం, అందుకే చేసేవాళ్లు తక్కువ.

డాక్టరు కాని కౌన్సెలర్లు

గత ఇరవై ఏళ్లలో అన్నిటికంటే ఆశ పుట్టించిన పరిశోధన ఇదే. మానసిక వైద్యంలో డిగ్రీ లేని స్థానికులకు కొన్ని వారాల తర్ఫీదు ఇచ్చి, వాళ్ల చేత కౌన్సెలింగ్ చేయించడం.

జింబాబ్వే కథ చాలామంది వినే ఉంటారు. 2005లో అక్కడి ప్రభుత్వం పట్టణాల్లో పేదల ఇళ్లను పెద్ద ఎత్తున కూలగొట్టింది. ఆ మరుసటి ఏడాది హరారేలోని ఎంబారే బస్తీలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు పని మొదలుపెట్టారు. ఆయనకు క్లినిక్‌లో గది దొరకలేదు, నర్సులు దొరకలేదు. దొరికింది 14 మంది అవ్వలు, క్లినిక్ ఆవరణలో ఒక బెంచీ. వాళ్లు చేసేది చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. పక్కన కూర్చోబెట్టుకుని ఉన్న కష్టాలన్నీ చెప్పించుకుంటారు. వాటిలో ఒక్కదాన్ని ఎంచుకోమంటారు. అద్దె బాకీ కావచ్చు, కొట్టే మొగుడు కావచ్చు. దాని మీద వచ్చే వారంలోగా చేయగలిగిన ఒక చిన్న పని ఏమిటో ఆ మనిషి చేతే చెప్పిస్తారు. మళ్లీ వారం కలిసి, అయిందా లేదా అడుగుతారు. 24 క్లినిక్‌లలో 573 మందితో పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఆరు నెలల తర్వాత బెంచీ మీద కూర్చున్నవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు మిగిలినవాళ్లు నూటికి సుమారు 14. మామూలు వైద్యం పొందినవాళ్లలో సుమారు 50.

పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి పల్లెల్లో అతీఫ్ రెహమాన్ బృందం గర్భిణులు, బాలింతల డిప్రెషన్ మీద పనిచేసింది. అక్కడ మన ఆశాల్లాంటివాళ్లే ఉంటారు, ‘లేడీ హెల్త్ వర్కర్లు’ అంటారు. ఈ పరిశోధనలో నాకు బాగా నచ్చింది వాళ్లు ఇంట్లో అడుగుపెట్టిన తీరు. కోడలికి మనసు బాగాలేదని చెబితే అత్తగారు తలుపు తీయదు. “బిడ్డ బలంగా పెరగాలంటే ఏం చేయాలో మాట్లాడుకుందాం” అంటే ఇంటిల్లిపాదీ వచ్చి కూర్చుంటారు. ఆ మాటల మధ్యే తల్లి ఆలోచనల్లో మార్పు తెచ్చే చికిత్స నడుస్తుంది. ఆరు నెలలకు డిప్రెషన్ మిగిలింది నూటికి 23 మందిలో. చికిత్స లేని పల్లెల్లో 53 మందిలో.

మన గోవాలో విక్రమ్ పటేల్, ఆయన సహచరుల సంస్థ ‘సంగత్’ చేసిన పనుల్లో రెండు విషయాలు ఆగి చూడాలి. 2010లో వచ్చిన ఫలితాల్లో, ప్రభుత్వ పీహెచ్‌సీల్లో స్థానిక కౌన్సెలర్లు ఉన్నచోట డిప్రెషన్, ఆందోళన జబ్బులున్నవాళ్లలో నూటికి 66 మంది కోలుకున్నారు, లేనిచోట 42 మంది. కానీ ప్రైవేటు డాక్టర్ల క్లినిక్‌లలో కౌన్సెలర్ ఉన్నా లేకపోయినా తేడా కనబడలేదు. ఒకే పద్ధతి, ఒకే ఊళ్లు. తనకు తెలిసిన రోగితో ప్రైవేటు డాక్టరు ఎలాగూ నాలుగు మాటలు మాట్లాడతాడు, అదే సగం కౌన్సెలింగ్ అయి ఉండవచ్చు. పల్లెల్లో జనం మొదట వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికే అయినప్పుడు, ఈ తేడాను మన దగ్గర పరీక్షించకుండా కార్యక్రమాలు రాయడం సరికాదు.

రెండోది తాగుడు మీద. 2017లో వచ్చిన పరిశోధనలో, ఎక్కువగా తాగే మగవాళ్లకు ఒకటి నుంచి నాలుగు సార్లు కౌన్సెలింగ్ ఇచ్చారు. మూడు నెలల తర్వాత తాగుడు అదుపులోకి వచ్చింది 36 శాతం మందిలో. కౌన్సెలింగ్ లేనివాళ్లలో 26 శాతం. మేలు జరిగిందన్నది నిజం. అయితే ఆ పరిశోధనలో తీసుకున్నది హానికరంగా తాగేవాళ్లను మాత్రమే. పొద్దున్నే చేతులు వణికి, చుక్క పడితే తప్ప లేవలేనివాళ్లు అందులో లేరు. మన ఇళ్లను కూల్చేస్తున్నది ఆ రెండో దశ. పల్లెలో ఉంచి, సైకియాట్రిస్టు లేకుండా, ఆ మనిషిని ఎలా మాన్పించాలన్నదానికి డిప్రెషన్‌కు ఉన్నంత గట్టి రుజువు పేద దేశాల నుంచి ఇంకా రాలేదు. ప్రాధాన్యాల జాబితా నేను రాస్తే ఇది మొదటి మూడింట్లో ఉంటుంది.

తెలుగు నేల మీద జరిగిన పని కూడా ఒకటి ఉంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థవాళ్లు పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి ఇంటింటికీ పంపారు. రెండు వారాలుగా నిద్ర పడుతోందా, పని మీద మనసు పోతోందా, బతకాలని లేదన్న ఆలోచన వస్తోందా అని అడిగి, అవసరమైనవాళ్ల పేర్లు పీహెచ్‌సీ డాక్టరు ట్యాబ్‌లోకి చేర్చారు. ఊళ్లలో వీడియోలతో, నాటకంతో ప్రచారం చేశారు. అంతకుముందు ఇబ్బందుల్లో ఉన్నవాళ్లలో వైద్యానికి వెళ్లినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు, 0.8 శాతం. తర్వాత 12.6 శాతానికి పెరిగింది. తర్వాత పశ్చిమ గోదావరితో పాటు హర్యానాలోనూ 44 పీహెచ్‌సీల పరిధిలో పెద్ద ఎత్తున చేస్తే, ఏడాదికి డిప్రెషన్ లక్షణాలు మిగతా గ్రామాల కంటే ఎక్కువగా తగ్గాయి.

0.8 నుంచి 12.6 అంటే దాదాపు పదహారు రెట్లు. అయినా ఆశా ఇంటికి వచ్చి చెప్పాక కూడా నూటికి 87 మంది గడప దాటలేదు. నేనైతే వాళ్ల దగ్గరికి వెళ్లి అడగమంటాను. కూలి పోతుందా, బస్సు లేదా, పిచ్చి అని పేరు పడుతుందని భయమా? పైగా ఆ ప్రశ్నలు అడిగేది ఎక్కడ? వసారాలో, అత్తమామల ఎదుట. “బతకాలని లేదన్న ఆలోచన వచ్చిందా అమ్మా?” అంటే ఏ కోడలు అవునంటుంది? “తలనొప్పి, గ్యాస్, నీరసం” అంటుంది. అడిగే చోటు మారితే జవాబు మారుతుందేమో తేల్చడానికి కోట్లు అక్కర్లేదు.

మాటలా, డబ్బులా?

పేదరికమే సగం జబ్బు అయినచోట, కౌన్సెలింగ్ కంటే నగదు మేలు కదా అని అనుమానం రావడం సహజం. కెన్యా పల్లెల్లో ఆర్థికవేత్తలు సరిగ్గా దాన్నే పరీక్షించారు. కొందరికి షరతులు లేని నగదు ఇచ్చారు, కొందరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఐదు వారాల కౌన్సెలింగ్, కొందరికి రెండూ. ఏడాది తర్వాత నగదు అందినవాళ్ల ఇల్లూ కుదుటపడింది, మనసూ కుదుటపడింది. కౌన్సెలింగ్ మాత్రమే అందినవాళ్లలో కొలవదగ్గ మార్పు లేదు.

దీన్ని పట్టుకుని కౌన్సెలింగ్ వృథా అనడం తొందరపాటు. అక్కడ డిప్రెషన్ ఉన్నవాళ్లను ఏరి ఇవ్వలేదు, ఊళ్లో మామూలు జనానికి ఇచ్చారు. జబ్బు లేని మనిషికి చికిత్స ఇస్తే మెరుగుపడేది ఏముంటుంది? దీన్నుంచి తేలింది ఒకటే: ఎవరికి మాటలు, ఎవరికి డబ్బులు, ఎవరికి రెండూ కావాలో విడదీసి తెలుసుకోవాలి. ఇండోనేషియాలో పేద కుటుంబాలకు నగదు సాయం మొదలైన ప్రాంతాల్లో ఆత్మహత్యలు తగ్గాయని ఒక పరిశోధన చూపింది. రైతు ఖాతాల్లో, మహిళల ఖాతాల్లో ఏటా నగదు వేస్తున్న మన రెండు రాష్ట్రాల్లో ఈ పరిశోధనకు ఉన్న అవకాశం ప్రపంచంలో చాలా కొద్దిచోట్ల ఉంటుంది. పథకం మొదలైన తేదీలు రికార్డుల్లో ఉన్నాయి. తెలంగాణలో రైతు సాయం కౌలు రైతుకు అందలేదని, పట్టాదారుకు అందిందని తెలుసు. కౌలుదారు ఇంట్లో, పట్టాదారు ఇంట్లో మానసిక పరిస్థితి పోల్చి చూడాల్సిందే.

పురుగుమందు దగ్గర నేర్చుకున్న పాఠం

2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. లక్షకు 12.4 మంది. తెలంగాణలో ఆ రేటు అంతకు రెండింతలకు పైనే. పల్లెల్లో ఈ మరణాల్లో పురుగుమందుల పాత్ర అందరికీ తెలిసిందే. డిప్రెషన్‌కు చికిత్స అందిస్తే ఇవి తగ్గుతాయన్నది ఒక దారి. శ్రీలంక ఇంకో దారి చూపింది.

1995 నాటికి శ్రీలంక ఆత్మహత్యల రేటు ప్రపంచంలోనే అత్యధికాల్లో ఒకటి. లక్షకు 57 వరకు వెళ్లింది. అక్కడి ప్రభుత్వం 1984లో పారాథియాన్ అనే పురుగుమందుతో మొదలుపెట్టి, 1995 నాటికి అత్యంత విషపూరితమైన మొదటి తరగతి మందులను, 1998లో ఎండోసల్ఫాన్‌ను, 2008 నుంచి 2011 మధ్య పారాక్వాట్ వంటి మరికొన్నిటిని ఆపేసింది. ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం పడిపోయింది. ఇరవై ఏళ్లలో దాదాపు 93,000 ప్రాణాలు నిలిచాయని పరిశోధకుల అంచనా. పంట దిగుబడులు తగ్గలేదని కూడా లెక్క తీశారు. కారణం స్పష్టం. క్షణికావేశంలో చేయి చాచిన మనిషికి అందినది తక్కువ విషమైతే, ఆస్పత్రికి చేరేదాకా బతుకుతాడు. బతికినవాళ్లలో చాలామంది మళ్లీ ఆ ప్రయత్నం చేయరు.

ఇదే శ్రీలంకలో, అనురాధపుర ప్రాంతంలో, నిషేధం బదులు మరో ఉపాయాన్ని పరీక్షించారు. ఇంటింటికీ తాళం వేసే పెట్టెలు ఇచ్చి పురుగుమందు డబ్బాలు అందులో పెట్టుకోమన్నారు. వినడానికి చక్కటి ఆలోచన. తయారీదారులకు ఇబ్బంది లేదు, రైతుకు ఇబ్బంది లేదు. 180 పల్లెల్లో, రెండు లక్షలకు పైగా జనాభా మీద ఏళ్ల తరబడి పరీక్షించి 2017లో ఫలితం చెప్పారు: పెట్టెల వల్ల విషం తాగే సంఘటనలు తగ్గాయనడానికి ఆధారం లేదు. ఆ పరిశోధన చేసి ఉండకపోతే ఈపాటికి ఎన్ని దేశాలు పెట్టెలు పంచుతూ కూర్చునేవో! పనిచేయనిదాన్ని పనిచేయదని గట్టిగా చెప్పే పరిశోధనకు పేద దేశంలో ఉన్న విలువ అది. మన దగ్గర విరుగుడు లేని గడ్డిమందు పారాక్వాట్‌ను నిషేధించాలని వైద్యులు గొంతు చించుకుంటున్నారు. ఇందులో పరిశోధకుల వంతు పని ఏ మందు వల్ల ఎందరు ఐసీయూలో చేరుతున్నారో, వాళ్లలో ఎందరు పోతున్నారో జిల్లాల వారీగా నమోదు చేయడం.

ఇది చదువుతూ మనసు భారంగా ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, 14416కు ఫోన్ చేయండి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ అది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు.

గుడి, దర్గా, క్లినిక్

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా దగ్గర నడుస్తున్న ఒక ఆశ్రమంలో మంటలు లేచి 28 మంది మానసిక రోగులు చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉండటంతో తప్పించుకోలేకపోయారు. ఆ తర్వాత అలాంటి కేంద్రాలను మూసేయాలన్న వాదన బలపడింది. కానీ మూసేస్తే జనం వెళ్లడం మానరు, ఇంకో చోటు వెతుక్కుంటారు.

నైజీరియా, ఘనాల్లో ఒయే గురేజే బృందం మరోలా ఆలోచించింది. నాటువైద్యుల, ప్రార్థనా స్థలాల దగ్గరికే ప్రభుత్వ క్లినిక్ సిబ్బందిని పంపి, ఇద్దరూ కలిసి ఒకే రోగిని చూసేలా చేసింది. పూజ ఆపమనలేదు. మందు మొదలుపెట్టారు, గొలుసు, దెబ్బలు మాన్పించే ప్రయత్నం చేశారు. ఆరు నెలల తర్వాత అక్కడి రోగుల్లో సైకోసిస్ లక్షణాలు, అంటే లేనివి వినబడటం, భ్రమలు వంటివి, మిగతావాళ్ల కంటే బాగా తగ్గాయని 2020లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక ప్రచురించింది. మన దగ్గర గుళ్లలో, దర్గాల్లో నలభై రోజులు నిద్ర చేయించే చోట్లు ఎన్నో ఉన్నాయి. ఈ పద్ధతిని ఇక్కడ పరీక్షించడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు.

జాబితాల్లో లేని కల్లు

వ్యసనాల విషయానికొస్తే, అంతర్జాతీయ జాబితాలు ఎక్కువగా మద్యం, హెరాయిన్, గంజాయి చుట్టూ తిరుగుతాయి. అక్కడక్కడి సమస్యలు వాటికి అందవు. పశ్చిమ ఆఫ్రికాలో ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు మత్తు కోసం పాకిపోయాయి. సియెర్రా లియోన్‌లో ‘కుష్’ అనే మత్తు యువకులను కబళించడంతో 2024 ఏప్రిల్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అందులో ఏం కలిపారో పరీక్షించి తేల్చేసరికి చాలామంది పోయారు.

మనకూ అలాంటిది ఒకటి ఉంది, కల్తీ కల్లు. తెలంగాణ పల్లెల్లో, హైదరాబాద్ బస్తీల్లో చెట్టు నుంచి దిగిన కల్లు చాలనంత గిరాకీ ఉంటుంది. ఆ లోటును నీళ్లు, తీపి కలిపి, మత్తు కోసం డయాజెపామ్, ఆల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేట్ వేసి పూడుస్తారు. తాగేవాళ్లు రోజుకూలీలు, ఆడవాళ్లు, ముసలివాళ్లు. తాము తాగుతున్నది కల్లు అనుకుంటారు. ఏళ్ల తరబడి నిద్రమాత్రలు మింగుతున్నామని వాళ్లకు తెలియదు.

2015లో ఎక్సైజ్ శాఖ కల్తీ మీద దాడులు చేసి సరఫరా ఆపింది. ఉద్దేశం మంచిదే. కానీ ఈ మందులను ఉన్నపళంగా ఆపితే ఏం జరుగుతుందో వైద్య విద్యార్థికి కూడా తెలుసు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఒకటి రెండు రోజుల్లోనే ఆస్పత్రులు నిండిపోయాయి. చేతులు వణుకు, నిద్ర లేదు, లేనివి కనబడటం, పొంతనలేని మాటలు, ఫిట్స్. ఇంటివాళ్లు దెయ్యం పట్టిందనుకున్నవాళ్లను కూడా తీసుకొచ్చారు. కొందరు చనిపోయారని వార్తలు వచ్చాయి. పదేళ్ల తర్వాత, 2025 జులైలో, హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మళ్లీ మనుషులు పోయారు. ఈసారీ ఆల్ప్రజోలమ్ పేరే వినబడింది.

ఈ మందుల వ్యసనాన్ని మాన్పించే పద్ధతి వైద్యానికి కొత్త కాదు. డయాజెపామ్ లాంటి అదే తరహా మందును డాక్టరే ఇస్తూ, మోతాదును వారాల మీద, నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. అయితే అది ఒక మనిషికి, ఎంత వేసుకుంటున్నాడో తెలిసినప్పుడు. ఇక్కడ ఊరు ఊరంతా అలవాటుపడి ఉంటుంది. సీసాలో ఎంత కలిసిందో కలిపినవాడికే సరిగ్గా తెలియదు. నిన్నటి సీసాకు, ఇవాళ్టి సీసాకు పోలిక ఉండదు. మరి డోసు ఎంత నుంచి మొదలుపెట్టాలి? పీహెచ్‌సీలో చేయవచ్చా, ఎవరిని జిల్లా ఆస్పత్రికి పంపాలి? దాంతో పాటు అసలైన మద్యం కూడా తాగేవాళ్లను ఎలా చూడాలి? గర్భిణులను? ముసలివాళ్లకు డయాజెపామ్ ఇస్తే తూలి పడి తుంటి విరిగే ప్రమాదం ఎంత? మాన్పించాక తిరిగి కల్లు కాంపౌండ్‌కు వెళ్లకుండా ఏది ఆపుతుంది? గీత కార్మికుల బతుకుతెరువు దెబ్బతినకుండా కల్తీని ఎలా పసిగట్టాలి? ఇంత నిర్దిష్టమైన ప్రశ్నలను జెనీవాలోనో లండన్‌లోనో కూర్చున్నవాళ్లు అడగలేరు. అడగాల్సింది నిజామాబాద్, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీలు, ఎర్రగడ్డ ఆస్పత్రి, నిధులివ్వాల్సింది రాష్ట్ర ప్రభుత్వం.

మద్యం మీద ఈ రెండు రాష్ట్రాలకు వచ్చే ఆదాయం సంగతి కూడా పరిశోధనలోకి రావాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించిన దగ్గర మొదలై, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు దాకా వరసగా జరిగాయి. ధర, దుకాణాల సంఖ్య, అమ్మే వేళలు మారినప్పుడు ఇంట్లో దెబ్బలు, రోడ్డు ప్రమాదాలు, ఆస్పత్రి కేసులు ఎలా మారాయో లెక్క తీస్తే, ఖజానాకు వచ్చిన రూపాయికి ఇళ్లలో పోయిందెంతో తెలుస్తుంది.

కల్తీ కల్లు విషయంలో మొదటి అడుగు చాలా చిన్నది. ఎక్సైజ్ శాఖ దాడికి సిద్ధమైనప్పుడే, ఊరి పేరు బయటికి పొక్కకుండా, జిల్లా వైద్యాధికారికి సమాచారం వెళ్లాలి. ఆ మండలం పీహెచ్‌సీల్లో డయాజెపామ్ నిల్వ పెట్టాలి, డాక్టరుకు ఒక పేజీ సూచనలు ఇవ్వాలి, ఆశాలకు ఎవరిని ఏ లక్షణాలతో పంపాలో చెప్పాలి. పట్టుకున్న సీసాలను పరీక్షించి, ఏ మందు ఎంత ఉందో అదే రోజు ఆస్పత్రికి తెలపాలి. అక్కడికి వచ్చిన ప్రతి మనిషి పేరూ ఒక రిజిస్టరులో రాసుకుని, నెలకు, ఆరు నెలలకు, ఏడాదికి ఇంటికి వెళ్లి ఎలా ఉన్నారో అడగాలి. రెండు మండలాల్లో ఇలా చేసి, చేయని రెండు మండలాలతో పోలిస్తే, తర్వాతి దాడి నాటికి జిల్లా ఆస్పత్రి చేతిలో ఒక పద్ధతి ఉంటుంది.